ఆకలి యాదికి రాని మనిషి

ఒక మనిషి పెట్టిన అన్నం తినకపోతే మీరు ముందు ఎవరిని అనుమానిస్తారు? దయ్యాన్నా, వండిపెట్టిన ఆడమనిషినా, లేక తినని ఆ మనిషినేనా? తొందరపడి జవాబు చెప్పకండి. నేను తొందరపడి చెప్పాను. అదీ ఒక ఊరంతా కూర్చుని ఉండగా, మైకు చేతిలో పట్టుకుని.

ఆ మధ్య ఒక కాలేజీలో మూఢనమ్మకాల మీద మాట్లాడి వేదిక దిగేసరికి సాయంత్రం ఐదు కావస్తోంది. అక్కడ పాఠాలు చెప్పే ఒక యువతి నన్ను బస్టాండు దాకా దింపుతానని స్కూటీ సీటు లేపింది. కింద ఆమె మధ్యాహ్నపు అన్నం డబ్బా ఉంది. మూత కూడా తీయలేదు.

"మళ్ళా మర్శిపోయిన సార్" అని నవ్వింది.

"ఉపవాసమా తల్లీ?" అన్నాను, నాకలవాటైన వెటకారంతో.

"ఉపవాసం గాదు సార్. నాకు ఏడీహెచ్‌డీ ఉందని డాక్టరమ్మ చెప్పింది. పనిల మునిగితే ఆకలి తెల్వది. తెలిసేసరికి చేతులు వణుకుతుంటయి, ఎదురుంగ ఎవలుంటే వాళ్ళ మీద పడి కొరికినంత పని జేస్త."

నాకు చూపు కొంచెం తక్కువ, అద్దాలు పెట్టుకుంటాను అన్నంత మామూలుగా చెప్పింది ఆ మాట. నేను స్కూటీ ఎక్కలేదు. ఆ కాలేజీ మెట్ల మీద కాసేపు కూర్చోవలసి వచ్చింది. చాలా ఏళ్ళుగా నేను తలుచుకోని మనిషి ఒకడు గుర్తుకొచ్చాడు.

ఆయన పేరు రాయను. అనుమతి అడగడానికి ఆయన లేడు.

ఎనభైల నడిమి సంవత్సరాలవి. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ దిక్కు పోయే రోడ్డు పక్కన ఆయనకు రేకుల దుకాణం ఉండేది. బస్సు మారడానికి నేను తరచూ అక్కడ దిగేవాడిని. మోటార్ల వైండింగ్ పని. ఆ కాలంలో కరెంటు ఎప్పుడు ఎంత వచ్చేదో దానికే తెలియదు. వారానికి నాలుగు మోటార్లు కాలేవి. రైతులు వాటిని ఎడ్లబండి మీదనో, బస్సు మీదనో వేసుకొచ్చి ఆయన ముందు దించేవాళ్ళు. ఆయన కాలిన తీగంతా పీకేసి, కొత్త రాగి తీగ చుట్టి, ఒక్కొక్క కట్టను మోటారు లోపలి గాడుల్లో కూర్చి, సన్నటి వెదురు పుల్లలతో బిగించేవాడు. చూడ్డానికి చేనేత పనిలాగా ఉండేది. చేస్తున్నంతసేపూ పెదాలు కదులుతుండేవి. చుట్లు లెక్కపెట్టుకునేవాడు.

ఎవరి మోటారుకు ఎన్ని చుట్లో ఆయనకు నోటికొచ్చు. మూడేళ్ళ కింద వచ్చిన మోటారయినా సరే. "నీదాంట్ల ముప్పై ఎనిమిది చుట్లు, అండ్ల రెండు నేనే ఎక్కువ ఏసిన" అనేవాడు. పొద్దున తిన్నాడో లేదో మాత్రం తెలియదు. పక్క దుకాణంలో పంక్చర్లు వేసే భాయిని అడిగేవాడు.

"భాయ్, నేను ఇయ్యాల తిన్ననా?"

"అరే, నన్నడుగుతవేందయ్యా? నీ కడుపునడుగు."

"నా కడుపుకు నోరు లేదు భాయ్."

ఆ మాటకు అక్కడున్నవాళ్ళంతా నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను.

రెండు చెవుల మీదా రెండు పెన్సిళ్ళుండేవి, మూడో పెన్సిలు కోసం వెతుకుతుండేవాడు. కాళ్ళకు రెండు జతల నుంచి వచ్చిన రెండు చెప్పులు. వార్నిష్ తెస్తానని పోయి, దారిలో ఎవరిదో రేడియో విప్పి బాగుచేసి, మూడు గంటలకు వార్నిష్ లేకుండా వచ్చేవాడు. మన మాట సగంలో ఉండగానే జవాబు చెప్పి, ఆ జవాబు సగంలో ఉండగానే లేచిపోయేవాడు. బేస్తవారం ఇస్తానన్న మోటారు మళ్ళీ బేస్తవారానికి కూడా అయ్యేది కాదు. రైతులు అమ్మనా బూతులు తిట్టేవాళ్ళు. తిట్టి, మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. ఎందుకంటే ఆయన చుట్టిన మోటారు ఊరికే కాలేది కాదు.

ఇంటి నుంచి మధ్యాహ్నానికి సద్ది గిన్నె వచ్చేది. అది వార్నిష్ డబ్బాల పక్కన చేరి, సాయంత్రానికి అట్లాగే వాపసు పోయేది. ఎవరైనా గుర్తుచేస్తే "గిప్పుడే తింట" అనేవాడు. ఆ మాటలో అబద్ధం ఉండేది కాదు. ఆ క్షణాన ఆయన నిజంగానే తిందామనుకునేవాడు. ఆ తర్వాత చేతిలో ఉన్న తీగ ఆయన్ని తీసుకుని ఎటో పోయేది. నాలుగు గంటలకు చేతులు వణికేవి, కోపం లేచేది, పటకారు విసిరి గోడకు కొట్టేవాడు. అప్పుడు భాయి ఒక బన్ను చాయలో ముంచి ఆయన నోట్లో కుక్కేవాడు. కుక్కుతూ తిట్టేవాడు. "తిను, సైతాన్! తిని మనిషివి కా." పది నిమిషాల్లో మనిషయ్యేవాడు. పటకారు ఏరుకుని, గోడకు క్షమాపణ చెప్పి, కూర్చునేవాడు.

ఆయనకు పెళ్ళయి అప్పటికి ఆరేళ్ళు. భార్యది అమ్రాబాద్ దిక్కు ఒక ఊరు, మహబూబ్‌నగర్ జిల్లా. పిల్లల్లేరు. ఇంట్లో ఆయన తల్లి ఉండేది. కొడుకు కండ పట్టడం లేదని, గిన్నె గిన్నెలాగే తిరిగొస్తుందని ఆ తల్లి ఏళ్ళతరబడి చూసింది. చూసి ఒక తీర్పు చెప్పింది. కోడలు మందు పెట్టింది.

తెలియనివాళ్ళకు చెప్తాను. మా దగ్గర మనిషి తిండి మానేస్తే, చిక్కిపోతే, "మందు పెట్టిండ్రు" అంటారు. తన మాట వినాలని ఎవరో అన్నంలో ఏదో కలిపారని, అది కడుపులో గడ్డకట్టి ఆకలిని చంపిందని నమ్మకం. దాన్ని బయటికి తీసేవాళ్ళుంటారు. కడుపు మీద గొట్టం పెట్టి నోటితో పీల్చి, నల్లటి ముద్ద ఒకటి పళ్ళెంలో ఉమ్మి, అదుగో మందు అంటారు. ఆ ముద్దలో వెంట్రుకలుంటాయి. ఆ వెంట్రుకలు ఎవరివని అడిగితే, అందరి కళ్ళూ వండిపెట్టిన ఆడదాని కొప్పు మీదికి పోతాయి.

అట్లా మందు తీసేవాడొకడు ఆ ఊరికి వస్తున్నాడని భాయి నాకు కబురు పంపాడు. అప్పుడు నేను బడిపంతులిని. సెలవు దొరికితే నలుగురు మిత్రులతో ఊళ్ళు తిరిగి బాబాల గుట్టు విప్పేవాడిని. ఈ కబురు వినగానే నాకు పండగయింది. అబద్ధం చెప్పను, ఆ ఆడమనిషి మీద జాలి కంటే ఆ గొట్టంవాణ్ణి పట్టుకోవాలన్న హుషారే ఎక్కువ ఉంది నాలో.

మేం పగటిపూట చేరాం. ముందు ఆయన ఇంటికి పోయాం. ఆమె మాకు అన్నం పెట్టింది. చింతచిగురు పప్పు. మేం తింటున్నంతసేపూ తలుపుకు ఆనుకుని నిలబడింది.

"నువ్వు తిన్నవా అమ్మా?" అన్నాడు నా మిత్రుడు.

"ఇయ్యాల ఇంటికొస్త అన్నడు, ఆయన తిన్నంక తింట సారూ."

అప్పటికి రెండు దాటింది. పప్పు బాగుందని చెప్పి, మరికాస్త వేయించుకుని, చేయి కడుక్కున్నాను. ఆమె ఎప్పుడు తింటుందని నేను లెక్కవేయలేదు. సంస్కరణ మాట్లాడే నోరే నాది, ఆ పూట తినడానికి తప్ప తెరుచుకోలేదు.

సాయంత్రం బడి ముందర జనం చేరారు. గొట్టంవాడు వచ్చాడు. ఆయన్ని చాప మీద పడుకోబెట్టారు. ఆయన పడుకుని కూడా మైకు పెట్టె తీగ ఎట్లా కలిపారో తల తిప్పి చూస్తున్నాడు. గొట్టంవాడు వంగబోయేటప్పుడు నేను లేచాను.

"అయ్యా, ముందు ఇన్ని నీళ్ళు పోసుకొని నోరు పుక్కిలించు. తర్వాత పీలుస్తువు."

వాడు పుక్కిలించలేదు. మంత్రం చెడుతుందన్నాడు. నీళ్ళకు చెడే మంత్రమేం మంత్రమని నేనన్నాను. జనంలో ఒక ముసలాయన "పుక్కిలియ్యవోయ్, నోట్ల ఏమన్న దాసుకున్నవా?" అని అరిచాడు. జనం గట్టిగా పట్టుబట్టేసరికి వాడు దవడలోంచి ముద్ద తీసి పారేసి, వచ్చిన దారినే పోయాడు. బెల్లం, బొగ్గుపొడి, వెంట్రుకలు. జనం ఈలలు వేశారు. నేను మైకు తీసుకుని అర్ధగంట మాట్లాడాను. ఆ ఆడమనిషి ఏ పాపమూ చేయలేదన్నాను. అంతవరకు నేను చేసింది సరైన పనే. ఇప్పటికీ అంటాను, సరైన పనే.

అప్పుడు ఆడవాళ్ళ వరుసలోంచి ఆమె లేచింది. ఆ ఊళ్ళో కోడళ్ళు సభలో లేచి మాట్లాడటం ఎవరూ చూడలేదు. అత్త కొంగు పట్టుకుని గుంజుతున్నా కూర్చోలేదు.

"మందు లేదన్నరు సారూ, మీకు దండం. మరి ఏందో గది గూడ మీరే చెప్పుండ్రి. ఆయన బువ్వ మర్శిపోతే ఆకలి నాకయితది. ఆయన తినంది నేనెట్ల తింట? ఆరేండ్ల సంది గిదే కథ. నా చెయ్యి మంచిగ లేదా, నేను మంచిగ లేనా? ఏంది సారూ?"

జనమంతా నా దిక్కు చూశారు. చేతిలో మైకు ఉంది. నాకు జవాబు తెలియదు. తెలియదు అని చెప్పడం హేతువాది మొదట నేర్చుకోవలసిన మాట. ఆ మాట నాకు రాలేదు. తర్కం వచ్చింది.

"చూడమ్మా" అన్నాను. "మూడేండ్ల కింది మోటారుకు ఎన్ని చుట్లో నీ భర్తకు యాదికుంటయి. అంటే జ్ఞాపకశక్తి మంచిగున్నది. మనిషి మనసు పెట్టినదాన్ని మరువడు. బువ్వ మరుస్తున్నడంటే దాని మీద మనసు లేదు. దీనికి పేరు రోగం కాదు, మందు కాదు. నిర్లక్ష్యం."

చప్పట్లు కొట్టారు. ఆమె భర్త చాప మీంచి లేచి జనం వెనక నిలబడి ఉన్నాడు. అందరితో పాటు ఆయన కూడా రెండు చప్పట్లు కొట్టి, ఆగిపోయాడు. ఆమె కూర్చుంది. ఆమె ముఖం నేను చూడలేదు.

నాలుగు నెలలకు ఆమె పుట్టింటికి పోయింది. పోయేముందు భాయి భార్యతో అన్న మాట తర్వాత నాకు తెలిసింది. "మందు పెట్టిందన్నప్పుడు ఉన్న వదినా. నేను పెట్టలేదని నాకు ఎరికే గదా. గిప్పుడు సారే మైకుల చెప్పిండు, యాది లేక గాదట, లెక్క లేకనట. లెక్కలేని తాన ఎట్లుండాలె?"

అత్త అన్ని నిందలు వేసి వెళ్ళగొట్టలేని మనిషిని నా వాక్యం ఒక్కటి వెళ్ళగొట్టింది.

తొంభైల మొదట్లో ఒకసారి ఆ దారిన పోతూ బస్సు మారడానికి అక్కడ దిగాను. మిట్టమధ్యాహ్నం. తల్లి చనిపోయిందట, ఆయన ఇల్లు వదిలి దుకాణంలోనే ఉంటున్నాడు. మూలకు ఒక చాప, ఒక కుండ, చుట్టూ విప్పిన మోటార్లు. ఐదారు ఒకేసారి మొదలుపెట్టి ఉన్నాయి. నన్ను చూసి లేచి, కూర్చోమని ఒక మోటారు చూపించి, మళ్ళీ తీగలో పడిపోయాడు. నేను సంచిలోంచి జొన్నరొట్టెలు, తొక్కు తీసి తినసాగాను. కాసేపటికి, తల ఎత్తకుండానే, ఆయన చేయి చాచి ఒక రొట్టె తీసుకున్నాడు. తర్వాత ఇంకొకటి. మూడోది తింటూ అన్నాడు.

"ఎవలన్న పక్కన తింటుంటే నాకు గూడ యాదికొస్తదన్నా."

"మరి ఆమె ఉన్నప్పుడు పక్కన తినకపోయేదా?"

"నీకు తెల్వదా? ఆడోళ్ళు మొగోని ముంగట తింటరా? అమ్మ ఊకుంటదా? నాకు ఏసి ఆమె లోపటి అర్రలకు పోవాలె. నేనొక్కన్నే పళ్ళెం ముంగట గూసుండాలె. ఒక్కన్నే గూసున్ననంటే నాకు మోటారు యాదికొస్తది, లేసిపోత." రొట్టె ముక్క ఇంకొకటి తుంచాడు. "ఒక్కపారి ఇద్దరమే జాతరకు పోయినం. ఒక్క ఆకుల తిన్నం. గా దినం మూడు పూటలు తిన్ననన్నా. మూడు పూటలు!"

ఇంత స్పష్టంగా తన సంగతి తనే విప్పి చెప్పిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఏ డాక్టరూ చెప్పకముందే ఆయన కనిపెట్టాడు. నాకు మాత్రం అది కూడా ఒక వింత మాటలాగే వినిపించింది. నవ్వాను.

ఆయన నవ్వలేదు. తీగ కింద పెట్టాడు. ఆయన చేతిలో ఏమీ లేకుండా నా ముఖం చూడటం అదే మొదటిసారి.

"అన్నా, నువ్వన్న మాట మీద మస్తు ఆలోచన జేసిన. నిర్లక్ష్యం అన్నవు. పని మీద ఉంటదేమో, నా పానం మీద ఉంటదేమో. ఆమె మీద లేదే! ఆమె గొంతు, ఆమె నడక, అన్ని యాదికున్నయి. నువ్వు జర అమ్రాబాద్ దిక్కు పోయి ఆమెకు గా మాట తప్పని చెప్పరాదు? నేను చెప్తే నమ్మది. నువ్వు చెప్తే నమ్ముతది. నువ్వే చెప్పినవు గదా."

"చూద్దాం" అన్నాను. బస్సు వచ్చింది. ఎక్కాను.

పోలేదు. తప్పని చెప్పాలంటే మరి ఏది ఒప్పో చెప్పాలి కదా, అది నా దగ్గర లేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. మైకులో అన్న మాటను ఒక వాకిట్లో నిలబడి వాపసు తీసుకోవడం నాకు చేతకాలేదు.

తొంభైల చివర ఒక ఎండాకాలంలో భాయి నల్లగొండ బస్టాండులో కనపడ్డాడు. ఆయన పోయి నెల అయిందన్నాడు.

"నాలుగు దినాలు నేను బిడ్డ ఇంటికి పోయిన సాబ్. గా నాలుగు దినాలే. వాపసొచ్చి సూస్తే మోటార్ల నడుమ పడున్నడు. దవాఖానకు ఏసుకపోయిన. ఒకరు గుండె అన్నరు, ఒకరు ఎండదెబ్బ అన్నరు. నేను రోజు గాయన ముంగట గూసొని తింటుంటిని సాబ్, కావాలనే. గది గాయనకు గూడ తెల్వది."

ఆకలే ఆయన్ని చంపిందని నేను అనను. నా దగ్గర సాక్ష్యం లేదు. సాక్ష్యం లేకుండా ఒకసారి మాట్లాడింది చాలు. ఆయనకు ఫలానా రోగమని కూడా ఈ వయసులో తీర్పు చెప్పబోవడం లేదు. స్కూటీ అమ్మాయి చెప్పిన తర్వాత ఇద్దరు డాక్టర్లను అడిగాను. ఏడీహెచ్‌డీ ఉన్న కొందరికి ఒక పనిలో పడితే ఒంటి కబురు మెదడుకు అందదట. గడియారం నడిచిన సంగతి తెలియదట. ఇష్టమున్నదానిలో మునిగిపోవడం, మామూలు పని తప్పిపోవడం, రెండూ ఒకే మనిషిలో ఉంటాయట. అంటే నా తర్కానికి పునాది అయిన ఆ చుట్ల లెక్కే, నేను చూడవలసిన ఆనవాలు కావచ్చు. తిండి మరవడానికి ఇంకా చాలా కారణాలుంటాయని, కడుపు జబ్బు కావచ్చు, మనసు దిగులు కావచ్చు, చూడకుండా చెప్పలేమని వాళ్ళే అన్నారు. చూడకుండా చెప్పలేమట! ఇంత చిన్న మాట ఆనాడు నాకు వచ్చి ఉంటే చాలు.

పోయిన నెల అమ్రాబాద్ దిక్కు పోయాను. వెతికితే దొరికింది. తమ్ముని ఇంటి పక్కన ఒక్క గది, తలంతా నెరిసింది, విస్తరాకులు కుడుతోంది. నేనెవరో చెబితే గుర్తుపట్టింది. నిలబడే అంతా చెప్పాను. నేనన్న మాట తప్పని చెప్పాను. పక్కన ఎవరైనా తింటుంటే తనకు యాదికొస్తుందని ఆయన అన్నది చెప్పాను, జాతర సంగతి చెప్పాను, తప్పని చెప్పి రమ్మని ఆయన నన్ను పంపబోయిన సంగతీ చెప్పాను.

ఆమె కుట్టడం ఆపలేదు. ఆకులోంచి పుల్ల లాగుతూ అంది.

"పక్కన గూసొని తింటే అయిపోవునా సారూ? గంతేనా?"

నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"గంతేనని తెలిస్తే గూసుందును గదా. అత్త తిడితే తిట్టు. గంత చిన్న పనికి..." నేను అక్కడున్నట్టు కూడా ఆమెకు పట్టలేదు. ఆకు మీద ఆకు పెట్టి కుట్టుకుంటూ పోయింది.

ఇది చదువుతున్నవాళ్ళకు నా డిమాండు ఇదీ. మీ ఇంట్లో తినడం మరిచే మనిషి ఉంటే, ఆ మనిషిని ఈ వారమే తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. మంత్రగాడి దగ్గరికి కాదు, నాలాంటి ఉపన్యాసకుడి దగ్గరికీ కాదు. ఈ పూటే మీ కంచం తెచ్చుకుని ఆ మనిషి పక్కన కూర్చోండి, తినమని చెప్పకండి, మీరు తినండి. మగవాడు తిన్నాకే ఆడది తినాలన్న ఆచారం మీ గడప లోపల ఇంకా బతికి ఉంటే దాన్ని ఈ పూటే కూలగొట్టండి. అట్లాంటి మనిషిని సోమరి అని, లెక్కలేనివాడని మీరు ఎప్పుడైనా నలుగురిలో అని ఉంటే, లేవండి. ఆ నలుగురినే పిలిచి, వాళ్ళ ముందే, ఆ మాట తప్పని చెప్పండి. ఆ మనిషి వింటుండగా చెప్పండి.